ఒండ్రు నీరు – పంపు బేరింగుల కందెన, సంరక్షణ

(దేవరకొండ ప్రాంత రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినము మీతో ముచ్చటింపదలచిన వస్తువు అరచేతిలో ఇమిడిపోవును. అది పంపులోని బేరింగు. పంపు కొనునపుడు ఎన్ని హార్సుపవర్లు, ఎన్ని అంగుళముల పైపు అని అడుగుదుము గాని, బేరింగు ఎటువంటిది, దానికి కందెన ఏది అని అడుగువారు అరుదు. అయినను యాసంగి వరి పొట్ట దశలో ఉండగా, బత్తాయి తోట పిందె పట్టుచుండగా, మోటారు ఆగిపోయినచో కారణము వెదకి చూడండి. చాల సందర్భములలో తీగచుట్ట కాలినదని మెకానిక్కు చెప్పును. చుట్ట ఎందుకు కాలినది? ఇరుసు కడ్డీ, అనగా షాఫ్టు, పక్కకు వాలి లోపలి భాగములు రాసుకొనినవి. షాఫ్టు ఎందుకు వాలినది? బేరింగు అరిగినది. బేరింగు ఎందుకు అరిగినది? అక్కడ ఒండ్రు చేరినది. వందల రూపాయలలో పోవలసిన ఖర్చు ఈ విధముగా వేలలోనికి పెరుగును. అంతకన్న పెద్ద నష్టము, మోటారు బాగై వచ్చు వరకు చేనికి నీరు లేకపోవుట. మన ఎర్ర చెలక నేలలు తడిని ఎక్కువ దినములు పట్టి ఉంచలేవు. నాలుగైదు దినములు నీరు తప్పినచో ఆ పంట తిరిగి కోలుకొనుట కష్టము.

కావున నేడు చెప్పదలచిన ముఖ్య విషయము ఒక్కటే. బేరింగునకు కందెన పెట్టుట ఎంత అవసరమో, ఒండ్రును దాని దరికి రానీయకుండుట అంతకన్న అవసరము. ఒండ్రు చేరిన చోట ఎంత మంచి గ్రీజు పెట్టినను అది కందెన కాదు, సాన పెట్టు ముద్ద అగును.

బండి కందెన నేర్పిన పాఠము

ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు ఆముదపు పంటకు పేరుపడినవి. బండి కట్టుటకు ముందు గడ్డి మసిని ఆముదములో కలిపి ఇరుసునకు కందెన పెట్టెడివారు. అయితే తెలిసిన రైతు పాత కందెన మీద కొత్త కందెన పూయడు. చక్రము ఊడదీసి, దుమ్ము పట్టి నల్లబడిన పాత ముద్దను గుడ్డతో తుడిచి, తరువాతనే కొత్తది పూయును. ముందు తుడుపు, తరువాత పూత. నేటి పంపునకును ఇదే సూత్రము. భేదము ఒక్కటే. బండి చక్రము మెల్లగా తిరుగును. రెండు ధ్రువముల మోటారు నిమిషమునకు సుమారు 2,900 చుట్లు తిరుగును. ఎనిమిది గంటలు నడచినచో దాదాపు 14 లక్షల చుట్లు. బండికి ఏడాదిలో జరుగు అరుగుదల పంపునకు కొద్ది దినములలోనే జరుగుటకు ఇది చాలును.

మన నీటి స్వభావము

దేవరకొండ చుట్టుపట్ల పంపులు నాలుగు విధములైన నీటిని తోడుచున్నవి.

మొదటిది చెరువు, వాగు నీరు. తొలకరి వానలకు చెలకల నుండి ఎర్రమట్టి కొట్టుకొనివచ్చును. ఈ చెరువుల పూడికనే 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద తీసి పొలములకు తోలుకొన్నాము. ఆ పూడిక పొలమునకు బలము, బేరింగునకు విషము.

రెండవది కాలువ నీరు. 1940–43 మధ్య కట్టిన డిండి ప్రాజెక్టు కాలువలైనను, పుట్టంగండి వద్ద సాగర్ జలాశయము నుండి ఎత్తి అక్కంపల్లి రిజర్వాయరులో పోసిన నీరు పారు కాలువలైనను, నీరు వదలిన మొదటి దినములలో అడుగున పేరుకొన్న మట్టిని లేపుకొని వచ్చును.

మూడవది నాగార్జునసాగర్ వెనుక నీరు. చందంపేట, నేరెడుగొమ్ము మండలముల తీర గ్రామములలో నీటి అంచు వెనుకకు పోవుకొలది మోటారును జరుపుచు పోవలసియుండును. జలాశయము తగ్గినపుడు పంపు గొట్టము బురద అడుగునకు దగ్గరగును.

నాలుగవది బోరు నీరు. మనది గ్రానైటు రాతి నేల. బోరు నుండి వచ్చు రాతిపొడిలోను, ఇసుకలోను పలుగురాయి అధికము. నాలుగింటిలో బేరింగునకు ఇది కడు క్రూరమైనది.

ఒండ్రు ఏమి చేయును?

బేరింగులో ఉక్కు గుండ్లకు, అవి దొర్లు గాడికి నడుమ సన్నని నూనె పొర ఉండును. అది మిల్లీమీటరులో వెయ్యవ వంతునకు అటు ఇటుగా ఉండును. అనేక సందర్భములలో అంతకన్న తక్కువే. ఒండ్రు రేణువు మిల్లీమీటరులో వెయ్యింట రెండు వంతుల నుండి వెయ్యింట యాభై వంతుల వరకు ఉండును. అనగా పొర కన్న రేణువు అనేక రెట్లు లావు. అది పొరను చీల్చుకొని ఇటు గుండును, అటు గాడిని గీయును. పలుగురాయి రేణువు బేరింగు ఉక్కు కన్నను గట్టిది. అది అరుగదు, ఉక్కునే అరుగదీయును. అట్లు రాలిన ఉక్కు పొడి గ్రీజులో కలసి మరికొంత గీయును. అరుగుదల అరుగుదలను పెంచును.

నీరు మాత్రమే లోనికి పోయినను నష్టమే. పంపు ఆపి ఉంచిన దినములలో నీరు చేరిన చోట తుప్పు పట్టును. తుప్పు మచ్చల మీద గుండ్లు దొర్లునపుడు ఆ మచ్చలు గుంటలగును.

మూడు బేరింగులు, మూడు ఆహారములు

పశువునకు పశువు మేత, కోడికి కోడి దాణా ఉన్నట్లే, ప్రతి బేరింగునకు దాని ఆహారము వేరు. మీ పంపులో ఉన్నది ఏది అని మొదట తెలిసికొనవలెను.

1. గ్రీజు తిను బేరింగు. ఒడ్డున పెట్టు మోనోబ్లాకు పంపులలోను, బెల్టుతోగాని కప్లింగుతోగాని నడుచు పంపులలోను ఇవి ఉండును. వీనిలో రెండు రకములు. రెండు ప్రక్కల మూసి, లోపల జీవితకాలమునకు సరిపడు గ్రీజు నింపి వచ్చునవి ఒక రకము. వీనికి మనము గ్రీజు పెట్టనక్కరలేదు, పెట్టుటకు వీలును లేదు. శబ్దము వచ్చినచో మార్చుటయే. రెండవ రకమునకు గ్రీజు కప్పుగాని, గ్రీజు నిపుల్‌గాని ఉండును. ఇవి మన చేతి మీద ఆధారపడినవి.

గ్రీజు పెట్టుటలో ఎక్కువగా జరుగు పొరపాటు తక్కువ పెట్టుట కాదు, ఎక్కువ పెట్టుట. బేరింగు గది నిండ కూరినచో గుండ్లు ఆ గ్రీజును చిలుకుచు వేడెక్కును. వేడికి గ్రీజులోని నూనె కారిపోయి ఎండు సబ్బు మిగులును. గదిలో మూడవ వంతు నుండి సగము వరకు గ్రీజు ఉండుట చాలును. నీరు తగులు చోట లిథియం గ్రీజు, 2 లేక 3 నంబరుది, తగినది. ఒక జాతి గ్రీజు మీద వేరొక జాతి గ్రీజు పెట్టరాదు. కొన్ని జాతులు కలసినపుడు పలుచబడి కారిపోవును. మార్చదలచినచో పాతది పూర్తిగా తీసి, కిరసనాయిలుతో కడిగి, బాగుగ ఆరనిచ్చి, కొత్తది పెట్టవలెను.

గ్రీజు గన్ను పెట్టుటకు ముందు నిపుల్ తలను శుభ్రమైన గుడ్డతో తుడువుడు. తుడువక పెట్టినచో తల మీది మట్టినంతను మన చేతులతోనే లోనికి నెట్టినవారమగుదుము. గ్రీజు డబ్బా మూత తెరచి పంపు షెడ్డులో వదలరాదు. వేలితో తీయరాదు. క్రింద బిరడా ఉన్న పంపులకు దానిని విప్పి, కొత్త గ్రీజు నెమ్మదిగా పెట్టుచు, పాత మురికి గ్రీజు బయటికి వచ్చు వరకు చూచి, కొంతసేపు పంపు నడిపిన తరువాత బిరడా బిగించవలెను. ఎన్ని గంటలకొకసారి పెట్టవలెనో పంపుతో వచ్చు పుస్తకములో ఉండును. ఒండ్రు నీరు తోడు దినములలో ఆ వ్యవధిని సగమునకు తగ్గించుట మేలు.

2. నూనె తిను బేరింగు. కొన్ని పెద్ద పంపులలో బేరింగు గదిలో నూనె పోసి ఉంచెదరు. నూనె మట్టము చూపు గాజు కన్ను ఉండును. మట్టము గుర్తు వద్ద ఉన్నదా అని ప్రతి దినము చూడవలెను. నూనె మజ్జిగవలె తెల్లబడినచో నీరు కలసినదని అర్థము. వెంటనే పంపు ఆపి, నూనె తీసివేసి, నీరు వచ్చిన త్రోవ కనిపెట్టవలెను. త్రోవ మూయక నూనె మాత్రము మార్చిన ప్రయోజనము లేదు.

3. నీరు త్రాగు బేరింగు. ఇది వినుటకు వింతగా ఉండును గాని, మీలో ఎక్కువ మంది వద్ద ఉన్నది ఇదే. బోరులో దిగిన సబ్మెర్సిబుల్ పంపులోని బుష్షులకు గ్రీజు లేదు, నూనె లేదు. నీరే కందెన. ఈ పంపు పొడిగా కొద్ది నిమిషములు తిరిగినను బుష్షులు మాడిపోవును.

నీటితో కందెన పొందు బేరింగు చరిత్ర తెలిసికొనదగినది. 1920ల దశకములో కాలిఫోర్నియాలో షేర్వుడ్ అను గని ఇంజనీరు ఇసుక నీరు తోడు పంపులకు రబ్బరు బేరింగు ఉపయోగించెను. గట్టి లోహము మీద ఇసుక రేణువు గీత గీయును. మెత్తని రబ్బరు మాత్రము రేణువునకు కొంత లొంగి, షాఫ్టు తిరుగుచుండగా దానిని పక్కన ఉన్న గాడిలోనికి దొర్లించును. గాడిలో పారు నీరు దానిని బయటకు కడిగివేయును. గట్టిదానిని గట్టిదానితో ఎదిరింపక, మెత్తనిదానితో దాటవేయుట ఇందలి కిటుకు.

ఈ కిటుకునకు జెట్ బోటు మంచి ఉదాహరణ. పడవ వెనుక తిరుగు రెక్క లేకుండ, పంపుతో నీటిని పీల్చి వెనుకకు చిమ్ముచు పోవు పడవ ఇది. దానిని వాడుకలోనికి తెచ్చినవాడు న్యూజిలాండులోని విలియం హామిల్టన్. ఆయన గొఱ్ఱెల మందలు గల రైతు. తన ప్రాంతపు నదులు లోతులేనివి, గులకరాళ్ళతో నిండినవి గనుక, 1950ల దశకములో ఈ పడవను రూపొందించెను. 1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందము ఇటువంటి జెట్ బోట్లలో గంగానది ముఖద్వారము నుండి హిమాలయముల వైపు ఎదురెక్కినది. గంగ ఎంత ఒండ్రు మోయు నదియో మీకు తెలియును. ఈ పడవ పంపులో రెండు బేరింగుల ఏర్పాటు చూడవచ్చును. నీటిలో మునిగి ఉండు వెనుక బేరింగునకు నీరే కందెన. పడవను ముందుకు నెట్టు ఒత్తిడిని మోయు ముందు బేరింగునకు గ్రీజుగాని నూనెగాని కందెన, దానికి నీరు తగులకుండ నడుమ సీలు. నీటిలో ఉన్నదానికి నీరు పారునట్లు చూడుము, పొడిలో ఉన్నదానికి నీరు సోకనీయకుము. మన పంపులకును ఇదే ధర్మము.

గ్లాండు చుక్క – కాపలాదారు

ఒడ్డున ఉన్న పంపులో నీరు ఉండు గదికి, బేరింగునకు నడుమ కాపలాదారు ఉండును. పాత పంపులలో అది గ్లాండు తాడు. కొత్త మోనోబ్లాకులలో మెకానికల్ సీలు.

గ్లాండు నుండి నీరు కారుట లోపమని చాలమంది అనుకొని, చుక్క పడకుండ నట్లు బిగించుచున్నారు. ఇది తప్పు. ఆ చుక్కయే తాడునకును షాఫ్టునకును కందెన. నిమిషమునకు 40 నుండి 60 చుక్కలు పడుచుండవలెను. బిగించి చుక్క ఆపినచో తాడు మాడి గట్టిపడి, ఒండ్రు రేణువులు దానిలో గ్రుచ్చుకొని, ఆకురాయివలె షాఫ్టును కోయును. ఇక ఎంత బిగించినను నీరు ధారకట్టి షాఫ్టు వెంబడి బేరింగులోనికి పోవును.

ఒండ్రు కాలము గడచిన తరువాత తాడు మార్చుట మంచిది. పాత తాడు ముక్కలన్నియు తీసివేయవలెను. పాతదాని మీద ఒక చుట్టు కొత్తది పెట్టరాదు. ఒకే పొడవు తాడును చుట్టలుగా చుట్టక, షాఫ్టు చుట్టుకొలతకు సరిపోవు ముక్కలు కోసి, ఒక ముక్క అతుకు మీదికి మరొక ముక్క అతుకు రాకుండ అమర్చవలెను. మొదట వదులుగా బిగించి, పంపు నడచుచుండగా కొద్దికొద్దిగా బిగించవలెను. రెండు నట్లును సమముగా తిప్పవలెను.

గ్లాండునకును బేరింగునకును నడుమ షాఫ్టు మీద ఒక రబ్బరు వాషరు ఉండును. షాఫ్టు వెంట పారు నీటిని అది గిరగిర తిరుగుచు బయటికి విసరివేయును. విప్పి బిగించునపుడు ఇది పనికిరానిదని కొందరు పారవేయుచున్నారు. అది లేకపోయినచో చుక్క నీరు నేరుగా బేరింగు వద్దకు నడచిపోవును. దాని ధర అల్పము, దాని పని గొప్పది. అట్లే మోనోబ్లాకులో పంపునకు మోటారునకు నడుమ క్రింది వైపున ఒక రంధ్రము ఉండును. సీలు నుండి ఊరిన నీరు బయటికి పోవుటకు అది త్రోవ. మట్టితోగాని, పురుగుల గూటితోగాని అది మూసుకొనిపోకుండ పుల్లతో శుభ్రము చేయుచుండవలెను. ఆ రంధ్రము నుండి నీరు ఆగక కారుచున్నచో సీలు చెడినది. సీలు మార్చుట ఆలస్యము చేసినచో తరువాత మార్చవలసినది బేరింగు, దాని తరువాత తీగచుట్ట.

ఒండ్రును ముందే ఆపుట

పంపు లోనికి పోవు ఒండ్రును తగ్గించుటయే అన్నిటి కన్న చౌక అయిన ఉపాయము. ఫుట్‌వాల్వు జాలికి చీర గుడ్డగాని, దోమతెర గాని చుట్టుట మనవైపు అలవాటు. జాలి మూసుకొనిపోయి పంపునకు నీరు అందక, లోపల గులకరాళ్ళు దొర్లినట్లు శబ్దము వచ్చి, ఇంపెల్లరు తినివేయబడును. షాఫ్టు అదరి బేరింగు చెడును. గుడ్డ చుట్టుటకు బదులు గుంట త్రవ్వుడు.

కాలువ ప్రక్కన ఒక గుంట త్రవ్వి, కాలువ నీరు మీది పొర నుండి మాత్రమే అందులోనికి పొంగి వచ్చునట్లు గట్టు ఉంచవలెను. గుంటలో నీరు నిలుకడగా ఉన్నచో, మిల్లీమీటరులో పదవ వంతు ఉన్న ఇసుక రేణువు మీటరు లోతు దిగుటకు రెండు నిమిషములు చాలును. వందవ వంతు ఉన్న ఒండ్రు రేణువు దిగుటకు సుమారు మూడు గంటలు పట్టును. బంకమట్టి రోజుల తరబడి దిగదు. కావున గుంట వలన నీరు పూర్తిగా తేటపడదు గాని, బేరింగును గీయు ముతక రేణువు అడుగున నిలిచిపోవును. నీరు ఎర్రగా కనబడినను బంకమట్టి చేయు హాని ఇసుక చేయు హాని కన్న చాల తక్కువ. గుంట అడుగు మట్టిని అప్పుడప్పుడు తీసి పొలములో వేసికొనవచ్చును.

చెరువు ఒడ్డున, సాగర్ అంచున గుంటకు వీలు లేని చోట ఫుట్‌వాల్వును ఖాళీ డ్రమ్ములకు కట్టి తేలవేయుడు. జాలి నీటి ఉపరితలమునకు అడుగున్నర, రెండు అడుగుల క్రింద వేలాడుచు అడుగు బురదకు తగులక ఉండవలెను. మరీ పైకి ఉన్నచో సుడి ఏర్పడి గాలి పీల్చును. వరద వచ్చిన మొదటి దినము, పంట ఆగగలిగినచో, పంపు వేయకుండుట ఉత్తమము.

బోరు మోటారు విషయము

బోరు పంపు విషయములో మన చేయి లోనికి పోదు. కావున దించుటకు ముందే జాగ్రత్తపడవలెను.

నీరు నింపు మోటారైనచో, వడగట్టిన మంచినీటితో నిండ నింపి, మెల్లగా తట్టుచు గాలి బుడగలు పోయిన తరువాత తిరిగి నింపి, బిరడాలు గట్టిగా బిగించవలెను. వాగు నీటితోగాని, బోరు నుండి వచ్చిన కలక నీటితోగాని నింపరాదు. అదే నీరు లోపలి బుష్షులకు, అడుగున బరువు మోయు థ్రస్టు బేరింగునకు ఏళ్ళ తరబడి కందెనగా ఉండవలసినది. నూనె నింపు మోటారులో నీరు పోయరాదు. ఏ రకమో మోటారు పట్టీ చూచి తెలిసికొనుడు. షాఫ్టు మీద ఇసుకను ఆపు రబ్బరు టోపీ ఉండును. అది చిరిగినచో మార్చక దించరాదు.

దించుటకు ముందు తాడునకు బరువు కట్టి బోరు లోతు కొలువుడు. వేసిన నాడు ఉన్న లోతు కన్న నేడు తక్కువ ఉన్నచో ఆ తేడా అంతయు పూడిక. మోటారు పూడికలో దిగబడినచో చుట్టూ నీరు పారక వేడెక్కును. అడుగు నుండి కనీసము పది అడుగులు పైన వేలాడునట్లు దించవలెను. పూడిక ఎక్కువైనచో కంప్రెసరుతో బోరు కడిగించవలెను.

నీటిలో ఇసుక ఎంత వచ్చుచున్నదో తెలిసికొనుటకు గాజు సీసా పరీక్ష చాలును. మోటారు వేసిన వెంటనే ఒక సీసా, అయిదు నిమిషములకు ఒకటి, అరగంటకు ఒకటి పట్టి, కదల్చక ఉంచుడు. మొదటి సీసాలోనే ఇసుక దిగినచో, మోటారు ఆగి ఉన్నపుడు పైపులో పేరుకొన్నది వచ్చుచున్నదని అర్థము. మూడు సీసాలలోను దిగినచో బోరు నిరంతరము ఇసుక ఇచ్చుచున్నది. అప్పుడు గేటువాల్వు కొంత మూసి నీరు తగ్గించి మరల పరీక్షించుడు. తక్కువ నీరు తీసినపుడు బోరులో నీటి మట్టము అంతగా పడదు, పగుళ్ళ నుండి నీరు వడిగా రాదు, ఇసుక తగ్గును. వాన కురిసిన మరునాడు మాత్రమే నీరు ఎర్రగా వచ్చినచో, కేసింగు పైపు గట్టి రాతిలో సరిగా కూర్చొనలేదని, పై మట్టి దాని క్రింది నుండి దిగుచున్నదని అనుమానింపవలెను. ఆ లోపము కేసింగు వద్ద సరిచేయవలసినదే గాని, మోటార్లు మార్చినందువలన తీరదు.

2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఆరంభమైనపుడు, ఆటో స్టార్టర్లు తీసివేయుడని ప్రభుత్వము రైతులను కోరినది. భూగర్భ జలము వృథాగా పోకుండుటకు ఆ మాట చెప్పినారు. బేరింగు దృష్టితో చూచినను అది మంచి మాటయే. విద్యుత్తు పోయి వచ్చిన ప్రతిసారి మోటారు దానంతట అది బయలుదేరినచో, పైపు నుండి తిరిగి దిగుచున్న ఇసుక మీదనే షాఫ్టు తిరుగును. నీరు లేని బోరులో ఎవరును చూడకుండగనే పొడిగా తిరుగును. మోటారు ఆగిన తరువాత కొన్ని నిమిషములు వేచి వేయుట, నీరు లేనపుడు మోటారును ఆపు పరికరము అమర్చుకొనుట లాభకరము.

బేరింగు ముందే చెప్పును

బేరింగు ఒక్కసారిగా చావదు, ముందుగా చెప్పును. వినవలెను. పొడి చెక్కపుల్ల ఒక చివర బేరింగు గది మీద ఆనించి, రెండవ చివర చెవికి పెట్టుకొనుడు. తిరుగు భాగములకు పుల్లగాని, ధోవతి చెంగుగాని, కొంగుగాని తగులరాదు. తుమ్మెద ఝంకారము వంటి సమశబ్దము ఆరోగ్యము. కీచుమనుట కందెన లేమి. గరగర ఒండ్రు చేరిన గుర్తు. టకటక గుండు పగిలిన గుర్తు. అరచేయి ఆనించి కొన్ని క్షణములు ఉంచలేనంత వేడి ఉన్నచో పంపు ఆపవలెను. విద్యుత్తు పూర్తిగా తీసిన తరువాత షాఫ్టును పైకి క్రిందికి కదపి చూచినచో ఆట తెలియును. బోరు మోటారునకు చెవి పెట్టలేము గనుక ఆంపియరు మీటరే మనకు చెవి. నీరు అంతే వచ్చుచు, వోల్టేజి అంతే ఉండి, ఆంపియర్లు దినదినము పెరుగుచున్నచో లోపల రాపిడి ఉన్నట్లే. మొదట దించిన నాటి ఆంపియర్లు స్టార్టరు పెట్టె మూత మీద వ్రాసి ఉంచుకొనుడు.

బేరింగు మార్చునపుడు పాతదాని మీది అంకెలు, అక్షరములు అన్నియు వ్రాసుకొని అదే తేవలెను. రేకు మూతలు గలది దుమ్మును కొంత ఆపును గాని నీటిని ఆపలేదు. రబ్బరు మూతలు గలది నీటిని మేలుగా ఆపును. కొత్త బేరింగును బిగించు నిమిషము వరకు కాగితము విప్పరాదు. సుత్తితో నేరుగా కొట్టరాదు. షాఫ్టునకు ఎక్కించునపుడు లోపలి వలయము మీద మాత్రమే ఆనునట్లు గొట్టము పెట్టి సమముగా దించవలెను. బయటి వలయము మీద కొట్టినచో ఆ దెబ్బ గుండ్ల ద్వారా పోయి, కొత్త బేరింగు మొదటి దినముననే గుంటలు పడును.

ఈ పనులన్నిటికి ముందు మెయిన్ తీసి, ఫ్యూజులు ఊడదీసి, జేబులో వేసికొనుడు. తడి చేతులతో, వట్టి కాళ్ళతో స్టార్టరు ముట్టరాదు. ఎర్తు గుంతలో తడి ఉంచవలెను. బేరింగు పోయినచో మరొకటి దొరకును, మనిషి దొరకడు.

కాలము ప్రకారము చేయవలసిన పనులు

మృగశిర కార్తెకు ముందు: గ్రీజు కడిగి కొత్తది పెట్టుట, గ్లాండు తాడు, రబ్బరు వాషరు చూచుట, ఒండ్రు గుంట పూడిక తీయుట.

వానాకాలములో ప్రతి దినము: గ్లాండు చుక్కలు, నూనె మట్టము, శబ్దము, వేడి చూచుట. ఇది అయిదు నిమిషముల పని.

వానాకాలములో ప్రతి వారము: నీరు కారు రంధ్రము శుభ్రము చేయుట, సీసా పరీక్ష, ఆంపియర్లు వ్రాసుకొనుట.

యాసంగి నాట్లకు ముందు: ఒండ్రు కాలము గడచినది గనుక గ్రీజు మరల మార్చుట, శబ్దము ఉన్న బేరింగును అప్పుడే మార్చుట. పొట్ట దశ వరకు ఆగరాదు.

పంపు ఆపి ఉంచు దినములలో: పంపులోని ఒండ్రు నీరు తీసివేసి మంచినీటితో కడుగుట, వారమునకొకసారి షాఫ్టును చేతితో నాలుగు చుట్లు త్రిప్పుట.

రైతులు సాధారణముగా అడుగు ప్రశ్నలు

ఇంట ఆముదమున్నది, బేరింగులో పోయవచ్చునా? ఆముదము మంచి కందెనయే. మొదటి ప్రపంచ యుద్ధకాలపు కొన్ని విమానముల ఇంజనులకు ఆముదమే వాడినారు. అయితే అది గాలికి, వేడికి బంకగా మారును. మోటారు గ్రీజుతో, నూనెతో సరిగా కలియదు. బండి ఇరుసును తరచు తుడిచి పూయుదుము గనుక అక్కడ చెల్లును. బేరింగులో చెల్లదు. ట్రాక్టరు నుండి తీసిన పాత నూనెయు పనికిరాదు. అందులో ఇనుప పొడి, మసి ఉండును.

డ్రిప్పునకు ఇసుక వేరుచేయు హైడ్రోసైక్లోను ఉన్నది గదా, బేరింగునకు భయమేమి? అది పంపు దాటిన తరువాత ఉన్నది. డ్రిప్పరులను కాపాడును గాని, అప్పటికే పంపు లోనుండి పోయిన ఇసుక చేయవలసినది చేసియే పోయినది.

మోటారు నడుచుచున్నంత కాలము ఎందుకు విప్పవలెను? విప్పనక్కరలేదు. వినవలెను, చూడవలెను, తాకవలెను. పాడి గేదె మేత మానినచో మీరు పాలు ఆగు వరకు ఊరకుండరు గదా! పంపు విషయములోను ఆ కన్నుతోనే చూడవలసినది.

రైతు సోదరులారా, ముందు తుడుపు, తరువాత పూత. నీటిలో ఉన్నదానికి నీరు, పొడిలో ఉన్నదానికి గ్రీజు. గ్లాండునకు చుక్క, ఒండ్రునకు గుంట. ఈ నాలుగు మాటలు జ్ఞాపకముంచుకొన్నచో చాలును. రేపు పొలము పోయినపుడు మోటారు వేయుటకు ముందు ఒక్క నిమిషము నిలిచి, మీ పంపులో ఏ బేరింగు ఉన్నదో, దానికి కందెన ఏదో చూచి, షెడ్డు గోడ మీద వ్రాసి పెట్టుడు. ఇంటిలో ఎవరు మోటారు వేసినను వారికి అది తెలియవలెను.